మా తమ్ముడు పరిగెత్తని అరవై గజాలు

కెల్టన్‌లో ఇప్పటికీ మా ఇంటిపేరు చెప్పి చూడండి. అరవై దాటిన ముసలాడెవడైనా నోట్లోంచి పైపు తీసి, "ప్రాసరా? మార్స్‌డెన్ ఆట అమ్ముకున్న ప్రాసరేనా?" అంటాడు. నలభై ఏళ్లయింది. ఆ ఆట చూసినవాళ్లలో సగం మంది మట్టిలో కలిసిపోయారు. మా తమ్ముడు ఇథెల్ పోయి కూడా ఏడేళ్లవుతోంది. ఆ మాట మాత్రం చావడం లేదు, దిక్కుమాలిన మాట. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నేను వాడి అక్కని, గ్వెన్‌ని. నాకు అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు నన్నెవరేమన్నా నాకు పోయేదేమీ లేదు.

మా తమ్ముడు గొప్పవాడని నేను చెప్పను. చెబితే వాడే నవ్వుతాడు. ఆరడుగుల మనిషి, భుజాలు తలుపంత వెడల్పు, లోపల మాత్రం వెన్న. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు, నాకు పదకొండు. వాడికి బూట్ల తాడు కట్టుకోవడం దగ్గర్నుంచి గడ్డం గీసుకోవడం దాకా నేర్పింది నేనే. పెళ్లెందుకు చేసుకోలేదని నన్ను అడిగేవాళ్లు. ఎప్పుడు చేసుకోను? పొద్దున లేస్తే ఇద్దరు మగవాళ్లకి వండిపెట్టడం, ఉతికిపెట్టడం, ఒకరితో ఒకరికి మాట కలపడం, వీటికే నా ఆయుష్షు సరిపోయింది.

మా నాన్న గోమర్ వేల్స్ నుంచి వచ్చిన రేకుల మేస్త్రి. అక్కడ మిల్లులు మూతపడితే మమ్మల్నిద్దరినీ వెంటేసుకుని అమెరికాలో ఈ ఒహాయోకి వచ్చాడు. ఇక్కడి మిల్లులో కొలిమి ముందు నిలబడి, ఇనుము తెల్లగా మండేదాకా చూసి చూసి, యాభై ఐదో ఏటికి కళ్లు పోగొట్టుకున్నాడు. వెలుతురుందో లేదో తెలిసేది, అంతే. అలాంటి మనిషికి మిగిలినవి రెండు. ఒకటి చర్చిలో పాట. రెండోది, చిన్నప్పుడు తమ ఊరి జట్టులో బంతి చంకన పెట్టుకుని గీత వెంట తాను పరిగెత్తిన పరుగులు. కళ్లున్నప్పుడు వాటి ఊసే ఎత్తేవాడు కాదు. కళ్లు పోయాక రోజూ అవే కబుర్లు.

"మగాడన్నాక గొంతెత్తి పాడాలి, లేకపోతే బంతి పట్టుకుని పరిగెత్తాలి. రెండూ రాకపోతే ఇంకెందుకు?" అనేవాడు.

ఇథెల్‌కి రెండూ రావు. పాడితే పక్కవాళ్లు కూడా తప్పుతారు. పరిగెత్తితే నేల అదరడమే తప్ప దూరం తరగదు. నాన్న ఆ మాట అన్నప్పుడల్లా వాడు కంచంలోకి చూస్తూ బంగాళాదుంప నలిపేవాడు. నాన్నకి కనిపించదు. నాకు కనిపిస్తుంది కదా. నాన్న నోట ఒక్కసారి "శభాష్" అనిపించుకోవాలని వాడి ప్రాణం కొట్టుకుపోయేది. వాడి జీవితం మొత్తంలో వాడు కోరుకున్నది అదొక్కటే.

అందుకే కెల్టన్ ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. ఇక్కడి ఫుట్‌బాలంటే నాన్న ఆడిన ఆటలాగే, బంతి చంకన పెట్టుకుని అవతలివాళ్ల గీత దాటేదాకా పరిగెత్తడమే. మొదట్లో ఆ జట్టంటే మిల్లు పని ముగిశాక సరదాకి ఒకళ్ల మీద ఒకళ్లు పడి దొర్లే కుర్రాళ్ల గుంపు. తర్వాత పక్క ఊరు మార్స్‌డెన్ వాళ్లు డబ్బిచ్చి ఒకణ్ణి తెచ్చుకున్నారు. మనవాళ్లు ఇద్దర్ని తెచ్చారు. వాళ్లు నలుగుర్ని తెచ్చారు. చూస్తుండగానే ఆటకి జీతం, జీతానికి పందెం, పందేనికి తగాదా. 1906లో రెండు ఊళ్ల పెద్దలూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు: ఎవరి ఊరి మనుషులే వాళ్ల జట్టులో ఆడాలి, పేర్ల జాబితా ముందే ఇచ్చి పుచ్చుకోవాలి. ఇథెల్ పేరు మా జాబితాలో చివర ఉండేది. ఎవడికైనా మోకాలు విరిగితే వీణ్ణి దింపుతారన్నమాట. దుప్పటి కప్పుకుని, మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడేవాడు. అప్పటిదాకా రెండుసార్లు దింపారు, రెండుసార్లూ వరసలో నిలబడి ఎదుటివాణ్ణి తోయడానికి. బంతి వాడి చేతికే రాలేదు.

ఆ ఏడే అక్టోబరులో ఒక సాయంత్రం ఫంక్ మా వంటింటికి వచ్చాడు. కాస్పర్ ఫంక్‌కి సారా దుకాణం ఉంది, జట్టు కూడా అతనిదే. నాన్న చర్చిలో పాటల సాధనకి వెళ్లాడు. అది చూసుకునే వచ్చాడు, గుంటనక్క.

"ఇథెల్, నీ పేరు కావాలిరా" అన్నాడు కూర్చుంటూనే.

"నా పేరేంటండీ?"

"కాలేజీ కుర్రాడొకడు దొరికాడు. టీగ్ అని. గాలి రా వాడు, గాలి! నీ ఎత్తే, నీ ఒడ్డే. సొంత పేరుతో ఆడితే డబ్బు తీసుకున్నాడని కాలేజీ వాళ్లు వెళ్లగొడతారు. పైగా మన జాబితాలో వాడి పేరు లేదాయె. నీ పేరుంది. ముక్కుకి రబ్బరు తొడుగు, నెత్తికి తోలు టోపీ, మొహాన బురద. ఎవడు పోల్చుకుంటాడు?"

నేను పొయ్యి దగ్గర్నుంచే అందుకున్నాను. "సొమ్మొకడిది, సోకొకడిది. బాగుందండీ ఫంక్ గారూ. మరి మావాడు ఎక్కడుంటాడు? గాల్లో కలిసిపోతాడా?"

"మా గుర్రాల కొట్టంలో ఉంటాడమ్మా. జట్టంతా బట్టలు మార్చుకునేది అక్కడే కదా. అందరితో పాటు లోపలికెళ్తాడు. ఆట అయ్యాక కాస్త బురద పూసుకుని అందరితో పాటు బయటికొస్తాడు. టీగ్‌ని బీరు బండిలో కప్పి స్టేషనుకి పంపేస్తాం. నాలుగే నాలుగు ఆటలు. వచ్చే ఏడు ఇథెల్‌కి వరసలో ఖాయమైన చోటు. నా మాట నమ్ము."

"మీ మాట నమ్మితే మీ సారాలో నీళ్లు లేవన్న మాటా నమ్మాలి."

ఇథెల్ మాత్రం నవ్వలేదు. తన చేతులు చూసుకుని, "సరే" అన్నాడు. ఫంక్ చెయ్యి చాచాడు, వాడు కలిపాడు. మా వేల్స్ వాళ్లకి చెయ్యి కలిపితే కాగితం మీద రాసినట్టే. ఫంక్‌కి అది బాగా తెలుసు.

ఇది మా ఊళ్లోనే జరిగిందనుకోకండి. ఆ రోజుల్లో ఆదివారం వచ్చిందంటే ఒహాయోలో సగం మంది ఆటగాళ్లు ఎవరో ఒకరి పేరుతో ఆడేవాళ్లే. మార్స్‌డెన్‌లోనూ అదే తంతు గనక తేలు కుట్టిన దొంగల్లా ఎవరూ కిక్కురుమనలేదు. తర్వాతెప్పుడో, 1920లో, కొన్ని ఊళ్ల జట్లవాళ్లు కార్లు అమ్మే దుకాణంలో చేరి సంఘం పెట్టుకుని, చదువు ముగియని కుర్రాళ్లని ఆడించకూడదని నియమం రాసుకున్నారట. ఇప్పుడు వీపుల మీద అంకెలు కూడా వేస్తున్నారు. బతికుండగా ఇథెల్ ఆ అంకెలు పేపర్లో చూసి, "మంచి పని చేశారక్కా" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

మొదటి ఆదివారం నాకు బాగా గుర్తు. ఆదివారం ఆటలు పాపమని మా పాస్టరు గారి ఘోష. నాన్న చర్చి నుంచి వచ్చి, "దేవుడి పూట బంతాటేంటి, ఛీ" అని, బైబిలు ఒళ్లో పెట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చున్నాడు. మైదానం మా ఇంటికి నాలుగు వీధుల అవతల. పాపమే అయితే ఇంట్లో కూర్చోవచ్చుగా! గాలి అటునుంచి వీస్తోందని పెరట్లో కూర్చున్నాడు. మూడు గంటలవేళ అరుపులు వినపడ్డాయి. ముందు గోలగోలగా, తర్వాత స్పష్టంగా. "ప్రాసర్! ప్రాసర్! ప్రాసర్!"

నాన్న ఒళ్లో బైబిలు కింద పడింది. తీసుకోవాలని కూడా తోచలేదాయనకి.

"గ్వెన్! అమ్మాయ్! వింటున్నావా? మన పేరే కదే?"

"మన పేరే నాన్నా" అన్నాను. అదే నా మొదటి అబద్ధం. చూడబోతే అబద్ధం కూడా కాదు, పేరు మాదే కదా.

ఇథెల్ చీకటి పడకముందే వచ్చాడు. జుట్టు నుంచి బూట్ల దాకా బురద. దారిపొడుగునా జనం వీపు చరిచి పంపారట. తర్వాత చొక్కా ఉతుకుతుంటే చూశాను, పైన అంతా బురద, చంకల్లో చెమట చుక్క లేదు. వాడొచ్చేసరికే నాన్న గుమ్మంలో తడుముకుంటూ నిలబడి ఉన్నాడు. వాడి భుజాలు పట్టుకుని, బురద మొహం రెండు చేతులతో తడిమి చూసి, "ఎన్ని గజాలురా?" అన్నాడు.

ఇథెల్ నా వైపు చూశాడు. వాడి కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. నేనే అన్నాను, "అరవై అంటున్నారు నాన్నా."

"అరవై! అరవై గజాలు! నా రక్తం రా, నా రక్తం! శభాష్!"

ఇరవై మూడేళ్లు ఎదురుచూసిన మాట. వచ్చింది, ఇలా వచ్చింది. ఆ రాత్రి వాడు నా దగ్గరికొచ్చి, "చెప్పేద్దామా అక్కా?" అన్నాడు. నేను, పాపిష్టిదాన్ని, "నాలుగు ఆటలే కదరా, ముసలాయన్ని సంతోషపడనీ" అన్నాను. ఆ మాట నాది. ఇథెల్ తప్పులు లెక్కపెట్టేవాళ్లు ముందు నా దగ్గరికి రావాలి.

ఆ నెలంతా మా ఇంట్లో పండగే. పేపర్లో వచ్చింది నేను చదవాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. నాన్న ఇథెల్ భుజం మీద చెయ్యి వేసి వీధిలో నడిచేవాడు. అంతకుముందు కూడా అలాగే నడిచేవాడు కానీ, అది గుడ్డివాడికి ఆసరా. ఇప్పుడు దొరగారి ఊరేగింపు. "మావాడు" అనేవాడు కనపడ్డవాడితోనూ, కనపడనివాడితోనూ. "పరుగెలా ఉంటుందో చెప్పరా" అని వాణ్ణి అడిగితే, "ఏముంది నాన్నా" అని తప్పుకునేవాడు. "చూశావా, గొప్పలు చెప్పుకోడు" అని నాన్న అందుక్కూడా మురిసిపోయేవాడు. ఇథెల్ నోటితో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. వాడి బదులు నేనూ, పేపరూ ఆడేవాళ్లం.

నాలుగో ఆట మార్స్‌డెన్‌తో. నవంబరు ఆఖర్లో, కృతజ్ఞతల పండుగ నాడు, గురువారం. ఆదివారం కాదు గనక పాపం లేదు. నాన్న పొద్దున్నే కోటు తొడుక్కుని తయారు. టర్కీ కోడిని పొయ్యిలో పెట్టి, ఆయన్ని చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్లాను. ఊరంతా అక్కడే. మిల్లులో పనిచేసే ప్రతివాడూ వారం జీతం కెల్టన్ మీద పందెం కాశాడు. నాన్నని చూసి జనం తోవ ఇచ్చారు. "ప్రాసర్ తండ్రి! తోవ ఇవ్వండ్రా!" ఆయన తల ఎత్తుకుని తాడు దాకా నడిచాడు. అంత అందంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఏం జరిగిందో చెప్పు, ఏం జరిగిందో చెప్పు అని మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు. చెబుతూనే ఉన్నాను. మొదట బాగానే సాగింది. తర్వాత టీగ్ చేతిలోంచి బంతి జారింది. మార్స్‌డెన్ వాళ్లు అందుకున్నారు. సరేలే, వాన పడిన నేల అనుకున్నాం. రెండోసారి జారింది. మూడోసారి గీత నాలుగు గజాల దూరంలో ఉండగా, మీద చెయ్యి పడకుండానే జారింది. తోలు బంతి ఒంటరిగా బురదలో కూర్చుంది. మార్స్‌డెన్ వాడు దాన్నెత్తుకుని అవతలి చివరిదాకా పోయాడు. మేం ఓడిపోయాం.

ఇది మాత్రం నాన్నకి నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. "అమ్ముకున్నాడు! ప్రాసర్ అమ్ముకున్నాడు!" అని ఎవడో అరిచాడు. తోవ ఇచ్చిన గొంతులే అందుకున్నాయి. నాన్న నా చెయ్యి వదిలేశాడు.

నిజంగా టీగ్ అమ్ముకున్నాడో, చేతులే మొద్దుబారాయో నాకు ఇప్పటికీ తెలియదు. వాడు గుర్రాల కొట్టంలోకి పరిగెత్తి, బీరు బండెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ వాడి ముఖం ఎవరూ చూడలేదు, ఒక ఉత్తరం ముక్క రాసినా ఒట్టు. లోపల ఇథెల్ ఉన్నాడు. బయట వందలమంది వాడి పేరు పెట్టి తిడుతున్నారు. తర్వాత జట్టులో ఒకతను నాకు చెప్పాడు. ఫంక్ వాడి చొక్కా పట్టుకుని, "నువ్వు శుభ్రంగా బయటికెళ్లావంటే దొంగ మనిషిని ఆడించామని తెలిసిపోతుంది. ముందు గెలిచిన మూడు ఆటలూ చెల్లవు. ఊరు మొత్తం ఆ పందేలన్నీ తిరిగి కక్కాలి. చెయ్యి కలిపావు, గుర్తుందా?" అన్నాడట. అంతలోనే మళ్లీ భయపడి, "వద్దులే, వెనక నుంచి పారిపో" అన్నాడట.

ఇథెల్, "మా నాన్న తాడు దగ్గరున్నాడు" అన్నాడట. వంగి, గుర్రపు తొట్టి పక్కనున్న బురద రెండు చేతులా తీసి, మొహానికీ, ఛాతీకీ పూసుకున్నాడు. తలుపు తెరుచుకుని బయటికొచ్చాడు.

శుభ్రంగా వస్తే తప్పించుకునేవాడు. కానీ నాన్నకి ఆ అరవై గజాలు పోయేవి. వాడు అది ఆలోచించాడు, నాకు తెలుసు. వాళ్లు వాణ్ణి కొట్టారు, ఉమ్మారు. ముందు పన్ను రాలింది. జనాన్ని తోసుకుంటూ నాన్న దగ్గరికి వచ్చి, "నాన్నా, ఇంటికెళ్దాం" అని భుజం అందించాడు. నాన్న ఆ భుజం తడిమి, ఎవరిదో తెలుసుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నా చెయ్యి వెతుక్కున్నాడు.

ఇంటికొచ్చేసరికి కోడి మాడిపోయి ఉంది. ఎవరూ తినలేదు.

తర్వాత ఐదేళ్లు ఆయన వాడితో మాట్లాడలేదు. ఒకే బల్ల, ఒకే దీపం, మధ్యలో నేను. "గ్వెన్, ఉప్పు ఇటు అందించమను." "గ్వెన్, తలుపు వేసి రమ్మను." వాడి పేరు కూడా పలికేవాడు కాదు. చర్చిలో మా బల్ల మీద కూర్చునేవాళ్లు వెనక్కి జరిగారు. వాడు పనిచేసే మిల్లులో ఎర్రగా కాలిన రేకు పట్కారుతో అందుకునేటప్పుడల్లా ఎవడో ఒకడు, "జారనీకు ప్రాసర్, నీకలవాటేగా" అనేవాడు. జట్టులో నిజం తెలిసిన పదకొండుమందీ నవ్వకుండా పక్కకి చూసేవారు. చెప్పేవారు మాత్రం కాదు. వాళ్ల పందేలూ వాళ్లవి కదా. ఫంక్ మాటిచ్చిన చోటు ఊసే లేదు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం.

"ఊరొదిలి పోరా, పిట్స్‌బర్గ్ పో, నీకు పని దొరక్కపోతుందా?" అని వాడితో ఎన్నిసార్లు దెబ్బలాడానో.

"నాన్న ఎప్పుడైనా పిలిస్తే?" అనేవాడు. "నేను లేకపోతే ఎలా అక్కా?"

1912 జనవరిలో నాకు జ్వరమొచ్చింది. ఆదివారం నాన్న చర్చికి బయల్దేరాడు. మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంది. ఇథెల్ భుజం అందించాడు. "అక్కర్లేదని చెప్పు" అన్నాడు నాన్న, నేను పక్కనున్నట్టే. ఒక్కడే దిగాడు. రెండో మెట్టు మీద కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఇథెలే మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. మోస్తున్నంతసేపూ ముసలాయన మొహం పక్కకి తిప్పుకునే ఉన్నాడు.

అది చూశాక నాకు ఒళ్లు మండిపోయింది. ఐదేళ్లుగా కక్కలేక మింగలేక చచ్చాను. జ్వరంతోనే లేచి ఆయన మంచం పక్కన కూర్చున్నాను.

"నాన్నా, విను. ఆ మార్స్‌డెన్ ఆట ఆడింది ఇథెల్ కాదు" అన్నాను. ఫంక్ రావడం, పేరు అడగడం, కొట్టం, బురద, బీరు బండి, అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు.

ఆయన చివరిదాకా విన్నాడు. "కథ బాగుందే" అన్నాడు. "తమ్ముణ్ణి కప్పిపుచ్చాలని అక్క అల్లిన కథ. సరే. మరి ఆ అరవై గజాలు?"

"అదీ వాడు కాదు నాన్నా. ఒక్క గజం కూడా వాడు పరిగెత్తలేదు."

"నోర్ముయ్!" ముసలాయన అంత గట్టిగా అరవగలడని నాకు తెలియదు. "నా చెవులతో విన్నాను. ఆ మెట్టు మీద కూర్చుని విన్నాను. ఊరంతా నా కొడుకు పేరు అరిచింది. వాడు దొంగా? అవనీ. దొంగని కన్నానని ఒప్పుకుంటాను, ఆ సిగ్గుతోనే చస్తాను. కానీ ఆ పరుగు వాడిది. నా కాళ్లు వాడికొచ్చాయి. కళ్లు పోయాక నాకు దొరికింది అదొక్కటే. దాన్ని కూడా లాక్కుపోవడానికొచ్చావా?" ఆయన గుడ్డి కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఇథెల్, చేతిలో బొగ్గుల బకెట్టు. అంతా విన్నాడు. చప్పుడు కాకుండా బకెట్టు దించి, నన్ను వంటింట్లోకి తీసుకెళ్లాడు.

"ఇంకెప్పుడూ చెప్పకక్కా."

"ఏం మనిషివిరా నువ్వు? నీకు రోషం లేదా? దొంగన్నా పర్వాలేదా?"

"ఆయనకింకేం మిగిలింది చెప్పు" అన్నాడు. "నన్ను నమ్మాలంటే ఆ అరవై గజాలు వదులుకోవాలి. చూశావుగా, వదులుకోలేకపోతున్నాడు. ఉంచుకోనీ."

నేను వాణ్ణి పట్టుకుని ఏడ్చాను. వాడే నన్ను ఓదార్చాడు, అదీ నా బతుకు.

మంచాన పడ్డ ముసలివాళ్లకి ఊపిరితిత్తులు చెడిపోతాయంటారు. అలాగే అయింది. ఫిబ్రవరి రెండో వారం, మధ్యాహ్నం పూట, సూపు పట్టుకుని వెళితే గిన్నె పక్కకి నెట్టేశాడు.

"వాడున్నాడా?"

"ఉన్నాడు నాన్నా."

"ఇటు రమ్మను." వాడి అడుగుల చప్పుడు దగ్గరయ్యాక, "ఒరేయ్ ఇథెల్" అన్నాడు. ఐదేళ్ల తర్వాత. వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేను గుమ్మం బయటే నిలబడిపోయాను.

"ఆ పరుగు చెప్పరా. ఎప్పుడడిగినా తప్పించుకున్నావు. ఇప్పుడు చెప్పు."

మా తమ్ముడు మొదలుపెట్టాడు. వాడు ఆ పరుగు చూడలేదు. గుర్రాల కొట్టంలో చెక్కల వెనక కూర్చుని విన్నాడు. విన్నదే చెప్పాడు.

"వాన అప్పుడే వెలిసింది నాన్నా. మొదట ఎవరూ అరవలేదు. అంతమందీ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. బురదలో కాళ్ల చప్పుడొక్కటే. చప్ చప్ మని. వెనక చాలా కాళ్లు. అవి తగ్గిపోయాయి. ఒకే జత మిగిలింది. అప్పుడొక ఆడమనిషి కేకపెట్టింది. ఆ వెంటనే గుర్రాలు బెదిరిపోయేటంత అరుపు నాన్నా. నేల కదిలింది. నా పేరు... ఆపకుండా నా పేరే అరిచారు."

నాన్న వేళ్లు దుప్పటి మీద పరిగెడుతున్నాయి. గుడ్డివాడికి చెప్పాల్సింది అలాగే. చూసినవాడెవడూ అంత బాగా చెప్పలేడు.

"ఎడమ పక్కనుంచా?"

"ఎడమ పక్కనుంచే నాన్నా."

"నేనూ ఎడమ పక్కే" అన్నాడు ముసలాయన. ఆ గొంతులో ఎంత సంతోషం! కాసేపు ఊపిరి కూడదీసుకుని, "అంత పరిగెత్తినవాడివి, ఆ పని ఎందుకు చేశావురా?" అన్నాడు.

'చెప్పు, చెయ్యలేదని చెప్పరా' అని గుమ్మం దగ్గర మనసులోనే అరిచాను. ఇథెల్ తల మంచం అంచుకి ఆన్చాడు.

"తప్పైపోయింది నాన్నా" అన్నాడు.

నాన్న చెయ్యి గాల్లో వెతికి, వాడి తల దొరికాక అక్కడే ఆగింది. "సరేలే. మనిషన్నాక జారతాడు. క్షమించాను పో. ఇక్కడే ఉండు, ఎటూ వెళ్లకు."

మూడో రోజు పోయాడు. ఆ మూడు రోజులూ వాడి చెయ్యి వదల్లేదు.

వాడు పరుగు చెప్పిన ఆ మధ్యాహ్నమే, నాన్న నిద్రపోయాక, ఇథెల్ వంటింట్లోకి వచ్చాడు. ముప్పై ఏళ్లకి దగ్గరపడుతున్న మనిషి, ముందు పన్ను లేని నోటితో చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు, చెంపల మీద ఏడుపు ఇంకా తడిగానే ఉంది.

"అక్కా, నాన్న నన్ను క్షమించాడు" అన్నాడు.

ఏం చేశావని క్షమించాడురా అని నా నోటిదాకా వచ్చింది. వాడి మొహం చూసి మింగేశాను. సూపు మళ్లీ వేడిచేసి వాడి ముందు పెట్టాను.